వద్దన్నవాళ్లతో కట్టిన జట్టు

మైదానాల చరిత్ర – మయామీ డాల్ఫిన్స్, 1972: రెండో భాగం

(జరిగిన కథ: 1966లో పుట్టిన మయామీ డాల్ఫిన్స్ మొదటి నాలుగేళ్లలో 56 ఆటలాడి 15 మాత్రమే గెలిచింది. 1970లో డాన్ షులా కోచ్‌గా వచ్చాక జట్టు రాత మారింది. 1972 జనవరిలో సూపర్ బౌల్ దాకా వెళ్లిన డాల్ఫిన్స్, అక్కడ డల్లాస్ చేతిలో 24–3 తేడాతో చిత్తయింది. ఆ చేదు మింగలేక షులా మరుసటి సీజన్‌కు కసరత్తు మొదలుపెట్టాడు.)

1972 అక్టోబరు 15, ఆదివారం. మయామీలోని ఆరెంజ్ బౌల్ స్టేడియం. డాల్ఫిన్స్ అప్పటికి నాలుగు ఆటలాడి నాలుగూ గెలిచింది. అయిదో ఆట శాన్ డియేగో ఛార్జర్స్‌తో. మొదటి క్వార్టర్ ఇంకా పూర్తికాలేదు. క్వార్టర్‌బ్యాక్ బాబ్ గ్రీసీ బంతి విసిరీ విసరగానే రాన్ ఈస్ట్, డీకన్ జోన్స్ అనే ఇద్దరు భారీకాయులు వచ్చి మీద పడ్డారు. కుడికాలి ఎముక విరిగింది. చీలమండ కీలు తప్పింది. 27 ఏళ్ల గ్రీసీని స్ట్రెచర్ మీద మోసుకెళ్లాల్సి వచ్చింది.

ఈ ఆటతో పరిచయం లేనివారికి రెండు ముక్కలు. పేరులో ఫుట్ ఉన్నా అమెరికన్ ఫుట్‌బాల్‌లో కాలితో పని తక్కువ. వంద గజాల మైదానం, పక్షానికి పదకొండు మంది. బంతి దక్కిన జట్టుకు నాలుగు అవకాశాలు. ఆ నాలుగింటిలో కనీసం పది గజాలు ముందుకెళ్తే మళ్లీ నాలుగు దొరుకుతాయి, లేదంటే బంతి అవతలివాళ్లకు పోతుంది. ఎదుటి గీత దాటిస్తే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. ఆపైన కాలితో తన్ని ఇంకొకటి. అంతదాకా వెళ్లలేమనుకుంటే దూరం నుంచే గోల్ స్తంభాల మధ్యకు తన్ని మూడు పాయింట్లు తెచ్చుకోవచ్చు. దాన్నే ఫీల్డ్ గోల్ అంటారు. దాదాపు ప్రతి ఎత్తూ క్వార్టర్‌బ్యాక్ చేతిలోంచే మొదలవుతుంది. పరుగెత్తేవాడికి బంతి అందించాలా, దూరంగా ఉన్నవాడికి విసరాలా అన్నది రెండు మూడు సెకన్లలో తేల్చాల్సింది అతనే. అలాంటివాడు సీజన్ మధ్యలో మంచం పడితే జట్టు పని అయిపోయినట్టే.

గ్రీసీ స్థానంలో మైదానంలోకి వచ్చినవాడి పేరు ఎర్ల్ మొరాల్. వయసు 38. కుర్రకారంతా జుట్టు పెంచుకుని తిరుగుతున్న ఆ రోజుల్లో సైనికుడిలా పొట్టి క్రాఫుతో కనిపించేవాడు. డాల్ఫిన్స్‌కు రాకముందు అయిదు జట్లు మారాడు. ఆ వేసవికి ముందు బాల్టిమోర్ కోల్ట్స్ అతన్ని వద్దనుకుని పేరు కొట్టేసింది. అలా వదిలేసిన ఆటగాణ్ని తీసుకోవడానికి చెల్లించాల్సిన రుసుము వంద డాలర్లు. షులా ఆ వంద డాలర్లు కట్టించాడు.

షులాకూ మొరాల్‌కూ పాత లెక్కే ఒకటుంది. షులా బాల్టిమోర్‌కు కోచ్‌గా ఉన్నప్పుడు, 1968లో, మొదటి క్వార్టర్‌బ్యాక్ జానీ యునైటస్ గాయపడితే ఆ భారమంతా మొరాల్ మోసి లీగ్‌లోనే అత్యుత్తమ ఆటగాడిగా పురస్కారం అందుకున్నాడు. ఆ సీజన్ చివర 1969 జనవరి 12న సూపర్ బౌల్ మూడో పోటీ. ఎదుట న్యూయార్క్ జెట్స్. బాల్టిమోర్ 18 పాయింట్ల తేడాతో గెలుస్తుందని పందెగాళ్ల లెక్క. గెలిచేది మేమే, రాసిపెట్టుకోండి అని జెట్స్ క్వార్టర్‌బ్యాక్ జో నేమత్ ముందే సవాలు విసిరాడు. అన్నట్టే 16–7తో గెలిచాడు. ఆ రోజు మొదటి సగం ముగుస్తుండగా గీత దగ్గర బాల్టిమోర్ ఆటగాడు జిమ్మీ ఆర్ ఒంటరిగా నిలబడి చేతులూపుతున్నాడు. చుట్టుపక్కల అడ్డుకునేవాడు లేడు. మొరాల్‌కు అతను కనపడలేదు. బంతి మరోవైపు విసిరాడు, అది జెట్స్ చేతికి చిక్కింది. అది జరిగింది ఇదే ఆరెంజ్ బౌల్ మైదానంలో. మూడేళ్ల తొమ్మిది నెలల తర్వాత అదే గడ్డ మీద, అదే కోచ్ పిలుపుతో, మొరాల్ మళ్లీ మరొకరి స్థానంలో నిలబడ్డాడు. డాల్ఫిన్స్ ఆ ఆట 24–10తో గెలిచింది.

మొరాల్ ఒక్కడే కాదు, ఆ జట్టులో చాలామందిది అదే కథ.

పరుగెత్తేవాడికి దారి చేసేది ముందు వరుసలోని అయిదుగురు. వాళ్ల చేతికి బంతి రాదు, పేపర్లలో ఫొటో రాదు. వాళ్లలో ల్యారీ లిటిల్‌ను 1967లో కాలేజీ ఆటగాళ్ల ఎంపికలో ఒక్క జట్టూ ఎంచుకోలేదు. శాన్ డియేగో పిలిచి చేర్చుకుంది, రెండేళ్లకు మయామీకి ఇచ్చేసింది. సెంటర్ జిమ్ లాంగర్‌నూ ఎవరూ ఎంపిక చేయలేదు. క్లీవ్‌లాండ్ చేర్చుకుని 1970లో వదిలేస్తే మయామీ ఏరుకుంది. బాబ్ కూచెన్‌బర్గ్ అయితే ఫిలడెల్ఫియాలో ఇమడలేక, అట్లాంటాలో నిలవలేక, షికాగోలో చిల్లర డబ్బుకు ఆడే చిన్న జట్టులో కాలం గడిపి వచ్చాడు. ఈ ముగ్గురికీ పని నేర్పింది మాంటీ క్లార్క్ అనే సహాయ కోచ్. తర్వాతి రోజుల్లో లిటిల్, లాంగర్ ఇద్దరూ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరారు.

బంతి అందుకునేవాళ్లలో మార్లిన్ బ్రిస్కో ఉన్నాడు. 1968లో డెన్వర్ తరఫున ఆడి, అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్‌లో క్వార్టర్‌బ్యాక్‌గా ఆట ప్రారంభించిన తొలి నల్లజాతి ఆటగాడు అతనే. మరుసటి ఏడాది ఆ స్థానం అతనికి దక్కలేదు. నల్లవాళ్లు క్వార్టర్‌బ్యాక్ పనికి పనికిరారన్న మూఢనమ్మకం బలంగా ఉన్న కాలమది. బఫలో వెళ్లి బంతి పట్టే విద్య మళ్లీ మొదటినుంచి నేర్చుకుని మయామీ చేరాడు.

కాలితో తన్నే పని గారో యెప్రీమియన్‌ది. సైప్రస్ ద్వీపంలోని లార్నకాలో అర్మేనియన్ దంపతులకు పుట్టిన పొట్టివాడు, బట్టతల. ఫుట్‌బాల్ అంటే సాకర్ అని తెలిసిన దేశం నుంచి వచ్చాడు. డెట్రాయిట్ అతన్ని రెండు సీజన్లకే వదిలేసింది. ఖాళీ సమయంలో నెక్‌టైలు తయారుచేసి అమ్మేవాడు.

ఇక రక్షణ దళం. ఈ ఆటలో దాడికి ఒక పదకొండు, అడ్డుకోవడానికి మరో పదకొండు. 1972 జనవరి సూపర్ బౌల్‌కు ముందు డల్లాస్ కోచ్ టామ్ లాండ్రీ, మయామీ రక్షకుల పేర్లు తనకు గుర్తు రావడం లేదన్నాడు. పత్రికలవాళ్లు దాన్ని పట్టుకుని ‘నో నేమ్ డిఫెన్స్’ అని పేరు పెట్టేశారు. పేరు లేనివాళ్లకు అదే పేరైంది. వాళ్ల నాయకుడు నిక్ బూనికాంటి. ఆ స్థానానికి పొట్టివాడని 1962లో పదమూడో విడత దాకా ఎవరూ అతని పేరెత్తలేదు. బోస్టన్‌కు ఆడుతూనే చదివి లా పట్టా తెచ్చుకున్నాడు. పక్కనే ఎవరూ ఎంపిక చేయని డగ్ స్విఫ్ట్. ఆట మానేశాక డాక్టరయ్యాడు. మధ్యలో మానీ ఫెర్నాండెజ్. అతన్నీ ఎవరూ ఎంచుకోలేదు.

ఇలాంటివాళ్లతో పని చేయించింది బిల్ ఆర్న్‌స్పార్గర్. మాటకారి కాదు, కళ్లద్దాలు పెట్టుకుని ఫిల్ము ముందు కూర్చుని లెక్కలు వేసుకునే మనిషి. ఆ రోజుల్లో రక్షణ ముందు వరుసలో నలుగురు, వెనక ముగ్గురు నిలబడటం ఆనవాయితీ. ఆర్న్‌స్పార్గర్ ఒక్కోసారి ముందు వరుస నుంచి ఒకర్ని తీసేసి బాబ్ మాథెసన్‌ను దించేవాడు. మాథెసన్ దూసుకొస్తాడా, వెనక్కి జరిగి బంతి కోసం కాచుకుంటాడా అన్నది ఎదుటి క్వార్టర్‌బ్యాక్‌కు అంతుబట్టేది కాదు. మాథెసన్ చొక్కా నంబరు 53 కాబట్టి ఆ వ్యూహానికి ‘53 డిఫెన్స్’ అని పేరొచ్చింది. ముందు ముగ్గురు, వెనక నలుగురు అనే ఆ అమరిక తర్వాత లీగంతటా పాకింది.

ఎన్ని చెప్పుకున్నా, ఆ ఏడాది మయామీ గెలుపులకు మూలం పరుగు. ల్యారీ జాంకా వంద కిలోలు దాటిన మనిషి, అడ్డొచ్చినవాణ్ని తప్పించుకోవడం కన్నా గుద్దుకుంటూ పోవడమే అతనికి సులువు. మెర్క్యురీ మోరిస్ పక్క దారుల్లో మెరుపులా జారిపోయేవాడు. ఇద్దరికీ అండ జిమ్ కిక్. 14 ఆటల్లో జట్టు పరుగెత్తిన దూరం 2,960 గజాలు, అప్పటికి లీగ్‌లో రికార్డు. జాంకా 1,117 గజాలు సాధించాడు. మోరిస్ లెక్క 991 దగ్గర ఆగింది. అయితే బఫలోతో ఆడిన ఆటలో బంతి జారిపోయిన ఒక సందర్భాన్ని అతని ఖాతాలో తొమ్మిది గజాల నష్టంగా రాశారు. ఆ తప్పు మొరాల్‌దేనని మయామీ వాదించింది. లీగ్ అధికారులు ఫిల్ము తెప్పించి చూసి ఆ తొమ్మిదీ తిరిగిచ్చారు. సరిగ్గా 1,000! ఒకే జట్టులో ఒకే సీజన్‌లో ఇద్దరు వెయ్యి గజాలు అందుకోవడం నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ (ఎన్‌ఎఫ్‌ఎల్)లో అదే మొదటిసారి.

కాగితం మీద 14 గెలుపులు, సున్నా ఓటములు. ఆ సున్నా చెరిగిపోయే గండాలు మాత్రం చాలానే వచ్చాయి.

గ్రీసీ ఇంకా ఆడుతుండగా, మూడో ఆటలోనే, మిన్నెసోటాలో 14–6తో వెనకబడ్డారు. చివరి క్వార్టర్‌లో యెప్రీమియన్ 51 గజాల దూరం నుంచి తన్నిన బంతి స్తంభాల మధ్య పడింది. ఆట ముగియడానికి రెండు నిమిషాల లోపు మిగిలి ఉండగా గ్రీసీ విసిరిన చిన్న బంతిని జిమ్ మాండిచ్ పట్టుకున్నాడు. 16–14. చావుతప్పి కన్ను లొట్టపోయిన గెలుపు.

అక్టోబరు 22న బఫలోతో. క్వార్టర్‌బ్యాక్‌గా మొరాల్ ఆట ప్రారంభించిన మొదటి వారం. ఫలితం 24–23, ఒక్క పాయింటు తేడా. ఆ ఆటలో మానీ ఫెర్నాండెజ్ చేసిన పని చూసినవాళ్లు చాన్నాళ్లు చెప్పుకున్నారు. బఫలో క్వార్టర్‌బ్యాక్ డెనిస్ షా వెనక్కి తిరిగి తనవాడైన జిమ్ బ్రాక్స్‌టన్ చేతిలో బంతి పెట్టబోయాడు. అప్పటికే ముందు వరుసను చీల్చుకొచ్చిన ఫెర్నాండెజ్ ఆ ఇద్దరి మధ్యకు దూరి, అందిస్తున్న బంతిని తానే అందుకున్నాడు! విసిరిన బంతిని దొంగిలించడం మామూలే కానీ చేతికిస్తున్న బంతిని కాజేయడం ఎక్కడా కనపడదు. వెంటనే జాంకా టచ్‌డౌన్ చేశాడు.

నవంబరు 12న న్యూ ఇంగ్లండ్‌పై 52–0తో విరుచుకుపడ్డారు. కోచ్‌గా షులాకు అది నూరో గెలుపు. మరుసటి వారమే నేమత్ జెట్స్ చెమటలు పట్టించింది. ఆ రోజు 38 ఏళ్ల మొరాల్ విసరడానికి మనిషి దొరక్క, ముందు ఖాళీ కనపడి, బంతి చంకలో పెట్టుకుని పరుగు లంకించుకున్నాడు. 31 గజాలు పరుగెత్తి గీత దాటాడు. మయామీ 28, జెట్స్ 24. మొరాల్‌ను వదిలేసిన, షులా వదిలొచ్చిన బాల్టిమోర్ సంగతా? 23–0, 16–0. రెండు ఆటల్లో ఒక్క పాయింటు కూడా చేయలేకపోయింది.

ఇంతా చేసి, ఆ ఊరి ఆటలు ఆ ఊరివాళ్లే టీవీలో చూడలేకపోయారు. సొంత ఊళ్లో జరిగే ఆటను, టికెట్లన్నీ అమ్ముడైపోయినా సరే, స్థానిక టీవీలో ప్రసారం చేయకూడదన్నది అప్పటి లీగ్ నిబంధన. దాన్ని సడలించే చట్టం 1973 సెప్టెంబరులో గానీ రాలేదు.

విమర్శకులూ ఊరుకోలేదు. ఆ 14 ఆటల్లో ఎదురైన జట్లలో కాన్సస్ సిటీ, న్యూయార్క్ జెయింట్స్ తప్ప ఓడినవాటి కన్నా ఎక్కువ ఆటలు గెలిచిన జట్టు లేదు. ఆ రెండూ 8–6 జట్లే. బలహీనుల మీద గెలిచారన్న మాటలో కొంత నిజముంది. అయితే ఆట షెడ్యూలు మయామీ వేసుకున్నది కాదు. ఆ ఏడాది లీగ్‌లో గజాల లెక్కన దాడిలోనూ రక్షణలోనూ మొదటి స్థానం మాత్రం వాళ్లు సంపాదించుకున్నదే.

నాకౌట్ దశలో అసలు పరీక్షలు మొదలయ్యాయి. డిసెంబరు 24న క్లీవ్‌లాండ్ వచ్చింది. 1970లో మయామీ తన మొదటి విడత ఎంపిక హక్కును క్లీవ్‌లాండ్‌కు ఇచ్చి పాల్ వార్‌ఫీల్డ్‌ను తెచ్చుకుంది. ఆ హక్కుతో క్లీవ్‌లాండ్ తీసుకున్న క్వార్టర్‌బ్యాక్ మైక్ ఫిప్స్. ఇప్పుడు ఆ బేరంలోని ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. చివరి క్వార్టర్‌లో క్లీవ్‌లాండ్ 14–13తో ముందుకెళ్లింది. వార్‌ఫీల్డ్ బంతులు పట్టి జట్టును ముందుకు తీసుకెళ్లాడు, కిక్ ఎనిమిది గజాలు దూసుకెళ్లి టచ్‌డౌన్ చేశాడు. ఫిప్స్ విసిరిన బంతుల్లో అయిదు మయామీ చేతుల్లో పడ్డాయి. 20–14.

తర్వాతి ఆట పిట్స్‌బర్గ్‌లో. ఒక్కటీ ఓడని జట్టు పరాయి ఊరికి వెళ్లడమేమిటని ఇప్పటివాళ్లకు అనిపిస్తుంది. అప్పట్లో ఆతిథ్యం వంతులవారీగా తిరిగేది, గెలుపోటములతో సంబంధం లేదు. డిసెంబరు 31న మొరాల్ దాడి ముందుకు సాగలేదు. నాలుగో అవకాశంలో బంతిని దూరంగా తన్నేయడానికి ల్యారీ సీపుల్ వచ్చాడు. తన్నబోతూ తలెత్తి చూస్తే పిట్స్‌బర్గ్‌వాళ్లు అప్పుడే వెనుదిరిగి పరుగెడుతున్నారు. తన్నడం మానేసి వాళ్ల వెనకాలే పరుగెత్తాడు! 37 గజాలు పోయేదాకా సంగతి వాళ్లకు తెలియలేదు. ఆ పరుగు పుణ్యమా అని మొదటి సగం 7–7తో ముగిసింది.

మూడో క్వార్టర్‌లో పిట్స్‌బర్గ్ 10–7తో ముందంజ వేసింది. షులా గ్రీసీ వైపు తిరిగి సిద్ధమేనా అని అడిగాడు. అక్టోబరు మధ్య నుంచి గ్రీసీ ఆడింది లేదు, కాలు అప్పుడప్పుడే కుదుటపడుతోంది. మైదానంలోకి వెళ్లిన కాసేపటికే వార్‌ఫీల్డ్‌కు విసిరిన బంతి 52 గజాలు తెచ్చింది. కిక్ రెండు టచ్‌డౌన్లు చేశాడు. 21–17తో మయామీ సూపర్ బౌల్‌కు చేరింది.

షులాకు ఇప్పుడు తలనొప్పి వేరే వచ్చిపడింది. పదకొండు ఆటలు ప్రారంభించి ఒక్కటీ ఓడని మొరాల్ ఒకవైపు, కోలుకున్న గ్రీసీ మరోవైపు. షులా గ్రీసీనే ఎంచుకున్నాడు. మొరాల్‌కు కష్టం కలగకపోలేదు, అయినా పల్లెత్తు మాట బయట పడనివ్వలేదు.

1973 జనవరి 14, లాస్ ఏంజెలస్ కొలీజియం. 90,182 మంది ప్రేక్షకులు. జనవరిలోనూ 29 డిగ్రీల ఎండ. ఎదుట జార్జ్ అలెన్ తీర్చిదిద్దిన వాషింగ్టన్. పదహారూ గెలిచొచ్చిన మయామీని కాదని పందెగాళ్లు వాషింగ్టన్ వైపే మొగ్గారు. వాళ్లనీ పూర్తిగా తప్పుపట్టలేం. 1964 లీగ్ ఫైనల్లో షులా బాల్టిమోర్ 27–0తో ఓడింది. ఆ తర్వాత రెండు సూపర్ బౌల్‌లు పోయాయి. పెద్ద ఆట గెలవలేడన్న ముద్ర అతని మీద పడిపోయింది.

గ్రీసీ ఆ రోజు విసిరినవి పదకొండు బంతులే, ఎనిమిది చేరాయి. అందులో ఒకటి 28 గజాల దూరాన హోవర్డ్ ట్విల్లీకి అంది టచ్‌డౌనైంది. బూనికాంటి దొరకబుచ్చుకున్న బంతితో కిక్ మరొకటి చేశాడు. జాంకా 112 గజాలు దున్నాడు. ఫెర్నాండెజ్ ఎదుటివాళ్లను లేవనివ్వలేదు. జేక్ స్కాట్ రెండు బంతులు లాక్కుని ఉత్తమ ఆటగాడయ్యాడు. 14–0. ఇంకా రెండు నిమిషాల చిల్లర మిగిలింది.

అప్పుడు యెప్రీమియన్‌ను ఫీల్డ్ గోల్‌కు పంపారు. 42 గజాలు. పడితే 17 గెలుపుల సీజన్‌కు 17–0 స్కోరుతో ముగింపు. బంతిని నేల మీద నిలబెట్టింది మొరాల్. యెప్రీమియన్ తన్నాడు, బిల్ బ్రండిజ్ చేతులడ్డం పెట్టాడు. తిరిగొచ్చిన బంతి యెప్రీమియన్ చేతికే చిక్కింది. మీద పడి పడుకుంటే సరిపోయేది. జీవితంలో బంతి విసరని మనిషికి విసరాలనే బుద్ధి పుట్టింది. అది వేళ్లలోంచి జారింది, గాల్లోకి లేచింది. వాషింగ్టన్ ఆటగాడు మైక్ బాస్ అందుకుని 49 గజాలు పరుగెత్తి గీత దాటాడు. 14–7. ఇంకో టచ్‌డౌన్ పడితే స్కోరు సమం. పక్కకొచ్చి నిలబడ్డ యెప్రీమియన్ వైపు చూసినవాడు లేడు.

వాషింగ్టన్‌కు బంతి మళ్లీ దక్కింది, నిమిషానికి పైగా సమయం ఉంది. పేరులేని దళం కదలనివ్వలేదు. ఆఖరి ఎత్తులో వెర్న్ డెన్ హెర్డర్, బిల్ స్టాన్‌ఫిల్ కలిసి క్వార్టర్‌బ్యాక్ బిల్లీ కిల్మర్‌ను నేలకూల్చారు. 17 ఆటలు, 17 గెలుపులు. గెలిచిన ఆటగాళ్లకు తలా 15,000 డాలర్ల బహుమతి. షులాను భుజాల మీద ఎత్తుకుని తీసుకెళ్తుంటే, చెయ్యి కలిపినట్టు కలిపి ఒకడు అతని చేతి గడియారం ఊడలాక్కున్నాడు. షులా కిందికి దిగి, వాణ్ని వెంటాడి గడియారం వెనక్కి తెచ్చుకున్నాడు.

ఆ రికార్డు ఇంతవరకూ ఎవరికీ అందలేదు. 1985లో షికాగో బేర్స్ 12 గెలిచి మయామీకి వచ్చి 38–24తో ఓడింది. 2007 సీజన్‌లో న్యూ ఇంగ్లండ్ 18 గెలిచి సూపర్ బౌల్‌లో జెయింట్స్ చేతిలో 17–14తో కూలింది. 1972 జట్టుకు అధ్యక్ష భవనం ఆహ్వానం నలభై ఏళ్లు దాటాక, 2013 ఆగస్టులో, ఒబామా హయాంలో అందింది. ఆ ఆట తీసుకున్న మూల్యం కూడా అప్పటికి బయటపడుతోంది. మొరాల్ 2014లో కన్నుమూశాక మెదడును పరీక్షిస్తే, తలకు పదేపదే తగిలే దెబ్బలతో వచ్చే సీటీఈ అనే వ్యాధి చివరి దశలో ఉన్నట్టు తేలింది. బూనికాంటి బతికుండగానే తన మెదడును పరిశోధనకు రాసిచ్చాడు.

గెలుపుల వరుస మరుసటి సీజన్ రెండో ఆట దాకా, 18 వరకు సాగింది. 1973 సెప్టెంబరు 23న కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో ఓక్లాండ్ రైడర్స్ 12–7తో దానికి అడ్డుకట్ట వేసింది. ఓక్లాండ్ పన్నెండు పాయింట్లూ నాలుగు ఫీల్డ్ గోల్స్‌తో వచ్చాయి. నాలుగూ తన్నింది 46 ఏళ్ల జార్జ్ బ్లాండా. 1967లో ఇక పనికిరాడని హ్యూస్టన్ వదిలేసిన ఆటగాడు.

(వచ్చే భాగంలో: 1973లో రెండో కిరీటం. ఆపైన కొత్త లీగ్ కోట్లు చూపి జాంకా, కిక్, వార్‌ఫీల్డ్‌లను ఒక్కసారే ఎగరేసుకుపోయిన 1974 వసంతం.)